సపోటా షేక్ మీగడలా చిక్కగా రావడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఉలవపాడు కోడలు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి 76 ఏళ్లు. ఉలవపాడు దగ్గర మాకు ఎకరన్నర తోట ఉంది, సగం మామిడి, సగం సపోటా. పోయిన ఆదివారం ఆయనను నెల్లూరు తీసుకొచ్చి కింది వరుసలో నాలుగు దంతాలు తీయించాము. పది రోజులు మెత్తనివే పెట్టమన్నారు. ఇడ్లీ పాలలో నానబెట్టి ఇస్తే రెండు ముద్దలు తిని చాలంటారు. జావ అంటే ముఖం తిప్పుకుంటారు. నాలుగు రోజుల్లోనే మనిషి చిక్కిపోయారు. ఏదీ అడగని మనిషి, మొన్న రాత్రి ఆయనంతట ఆయనే అడిగారు: "అమ్మాయీ, సపోటా పాలు చేసి పెడతావా? చెంచా వేస్తే నిలబడాలి, అంత చిక్కగా ఉండాలి" అని. వయసులో ఉన్నప్పుడు మామిడికాయలు వేసుకుని కావలి వెళ్లినప్పుడల్లా అక్కడొక అంగట్లో తాగేవారట.

తోట నుంచి బస్సులో అర బస్తా సపోటాలు తెప్పించాను. రాగానే ఎండకు పాడవుతాయని అన్నీ ఫ్రిజ్‌లో సర్దేశాను. ఇప్పటికి మూడుసార్లు చేశాను, మూడుసార్లూ చెడిపోయింది.

మొదటిసారి నాలుగు పండ్లు, రెండు గ్లాసుల ప్యాకెట్ పాలు, ఆరు ఐసు ముక్కలు, చక్కెర అన్నీ ఒకేసారి మిక్సీలో వేశాను. తిప్పినప్పుడు నురగతో బాగానే కనబడింది. పది నిమిషాలకు పైన తేట నీళ్లు, అడుగున ముద్ద.

రెండోసారి ఐసు తగ్గించి, చిక్కదనం కోసం ఇంట్లో తీసి పెట్టుకున్న మీగడ నాలుగు చెంచాలు వేశాను. బాగా కలవాలని రెండు నిమిషాలు తిప్పాను. గ్లాసులో పోస్తే పసుపు తెలుపు కలిసిన చిన్న చిన్న రవ్వలు తేలాయి. తాగితే పెదవులకు జిడ్డు అంటుకుంది. మామయ్యగారు ఏమీ అనలేదు, సగం తాగి గ్లాసు పక్కన పెట్టారు.

మూడోసారి మీగడ మానేశాను. రూపం కొంచెం నయమే. కానీ తాగాక నాలుక మీద ఒకటే వగరు, చక్కెర ఎంత వేసినా పోలేదు. మా బాబుకు తొమ్మిదేళ్లు, వాడు కూడా వద్దన్నాడు.

ఐస్‌క్రీము వేస్తే చిక్కబడుతుందని మా ఎదురింటి ఆవిడ చెప్పారు. మామయ్యగారికి ఆ ఎసెన్సు వాసన పడదు. పండు, పాలు, ఇంట్లో ఉండే వస్తువులతో చేసే పద్ధతి ఎవరైనా వివరంగా చెప్పండి. ఇంకా పాతిక పండ్లదాకా మిగిలి ఉన్నాయి.


కావలి అంగడి:

అమ్మా, మీరు రాసింది పొద్దున టీ తాగుతూ చదివాను. కావలి అన్న మాట చూసి వెంటనే రాద్దామని కూర్చున్నాను. కావలిలో 19 ఏళ్లు పండ్ల రసాల అంగడి నడిపాను. మూడేళ్ల కిందట నడుము నొప్పి వచ్చి మా అబ్బాయికి అప్పగించాను. మీ మామయ్యగారు తాగింది నా అంగట్లో కాకపోవచ్చు, ఆయన చెప్పేది నాకంటే ముందరి కాలం. కానీ చెంచా నిలబడే సపోటా పాలంటే ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. ఎండాకాలంలో రోజుకు వంద గ్లాసులకు తక్కువ కాకుండా చేసిన చేతులివి.

మీ రెండో ప్రయత్నం సంగతి ముందు చెబుతాను. ఆ రవ్వలు వెన్న. మీగడను కవ్వంతో చిలికితే వెన్న వస్తుంది కదా, రెండు నిమిషాలు తిరిగిన మిక్సీ చేసింది కూడా అదే. మీగడలోని కొవ్వు ఒకదానికొకటి అంటుకుని రవ్వ కట్టింది, పాలు పలచబడ్డాయి. కాబట్టి మీగడ వేయాలనుకుంటే మిక్సీలో వేయకండి. గ్లాసులో పోసేటప్పుడు పైన ఒక చెంచా వేసి చెంచాతోనే కలపండి. నిజానికి సపోటాకు మీగడ అక్కరే లేదు. బాగా మాగిన సపోటా కండ మీగడలాంటిదే. దాన్ని మనం నీళ్లతో పాడు చేయకుండా ఉంటే చాలు.

ఆ నీళ్లు ఐసు నుంచి వచ్చాయి. ఆరు ముక్కలు కరిగితే అరగ్లాసు నీళ్లవుతాయి. రెండు గ్లాసుల పాలలో అరగ్లాసు నీళ్లు పోసి ఎవరికైనా ఇస్తామా? ఐసు రూపంలో వేస్తే మాత్రం మనకు అది నీళ్లని తోచదు. అంగళ్లలో ఐసు ఎందుకు వేస్తారంటే గ్లాసు త్వరగా నిండుతుంది, చల్లబడుతుంది. నేనూ మొదటి రెండేళ్లు వేశాను, దాచడం ఎందుకు. ఒకసారి ఒక పెద్దాయన గ్లాసు తిరిగి ఇచ్చి "సపోటాకు నేను డబ్బులిచ్చాను, మీరు నీళ్లు పోశారు" అన్నారు. ఆ మరుసటి రోజు నుంచి పండునే గడ్డ కట్టించడం మొదలుపెట్టాను.

అసలు కిటుకు అదే. పండు తొక్క తీసి, గింజలు తీసి, ఒక్కో పండును ఆరు ముక్కలు చేసి, వెడల్పు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి డీప్ ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు పెట్టండి. దీనివల్ల రెండు మేళ్లున్నాయి. ఐసు లేకుండానే చల్లదనం వస్తుంది. రెండోది, పండులోని నీరు గడ్డకట్టేటప్పుడు సాగి లోపలి కణాల గోడలను పగలగొడుతుంది. అందుకని మిక్సీలో పడగానే మెత్తగా నలిగిపోతుంది.

గింజలు తీసేటప్పుడు లెక్క పెట్టుకోండి. మీ ఇంట్లో పసివాడు, పెద్దాయన ఇద్దరూ ఉన్నారు. సపోటా గింజకు ఒక కొసన చిన్న కొక్కెం లాంటి మొన ఉంటుంది, గొంతులో పడితే ప్రమాదం. మిక్సీలో నలిగితే చేదు. తొడిమ కింద నుంచి పండు మధ్యలోకి తెల్లగా, గట్టిగా ఒక ఈనె దిగుతుంది చూడండి, దాన్ని కూడా కత్తి మొనతో తీసేయండి. జిగురంతా అక్కడే దాక్కుంటుంది. మీ వగరుకు అది కొంత కారణం. అసలు కారణం పండు మాగకపోవడమని నా అనుమానం, దాని గురించి తోట ఉన్నవాళ్లు నాకంటే బాగా చెబుతారు.

పాల సంగతి. ప్యాకెట్ మీద టోన్డ్ అని ఉంటే అందులో వెన్న 3 శాతం. ఫుల్ క్రీమ్ అని ఉంటే 6 శాతం. రంగు కవరు చూసి కాదు, అక్షరాలు చదివి కొనండి. గేదె పాలు దొరికితే ఇంకేమీ ఆలోచించకండి. ఏ పాలైనా సరే, అర లీటరు పోసి సన్న సెగ మీద అడుగంటకుండా కలుపుతూ 400 మిల్లీలీటర్లకు మరిగించండి. పచ్చి పాలతో ఎప్పుడూ చేయకండి, అందులోనూ గాయం ఉన్న నోటికి. మరిగాక చల్లార్చి, కట్టిన మీగడ తీసి పక్కన పెట్టి, పాలను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గోరువెచ్చని పాలతో చేసిన షేక్ ఎప్పటికీ చిక్కబడదు, ఇది గుర్తుంచుకోండి.

ఇక మిక్సీ. ఇక్కడే అందరూ తొందరపడతారు. రెండు గ్లాసులకు గడ్డకట్టిన సపోటా ముక్కలు 250 గ్రాములు, పాలు పావు లీటరు చాలు. ముందు ముక్కలు మాత్రమే వేసి నాలుగు పెద్ద చెంచాల పాలు పోయండి. మిగతా పాలు ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. మీట తిప్పి పట్టుకుని వదులుతూ ఐదారుసార్లు తిప్పండి. మొదట గులకరాళ్లు దొర్లినట్టు టకటకమంటుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగి బ్లేడు ఊరికే తిరుగుతున్నట్టు సన్నని ఈల వినిపిస్తుంది. అంటే ముద్ద అంతా జార్ గోడలకు అంటుకుంది, మధ్యలో ఖాళీ అయింది. అప్పుడు ఆపి, స్విచ్ కట్టేసి, గరిటెతో గోడలు గీకి మధ్యలోకి నెట్టండి. ఇంకో రెండు చెంచాల పాలు పోసి మళ్లీ తిప్పండి. ఈసారి చప్పుడు బరువుగా, గుర్రుమని వస్తుంది. మూత తీసి చూస్తే లేత గోధుమరంగులో, వెన్న తీయని గడ్డపెరుగులాగా, చెంచాతో ఎత్తితే మడతలు పడుతూ జారాలి. ఆ మడతలు కనబడేదాకా మిగతా పాలు పోయకండి. కనబడ్డాక చల్లటి పాలు రెండు దఫాలుగా పోసి పదేసి సెకన్లు, అంతే. ఎక్కువసేపు తిప్పితే మోటారు వేడికి, బ్లేడు రాపిడికి చల్లదనం పోతుంది, గాలి చేరి నురగ పెరుగుతుంది. నురగ చిక్కదనం కాదు. మీ మొదటి గ్లాసులో మీరు చూసింది నురగే.

చక్కెర ఆఖరున. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి తాగబోయే చల్లదనంలోనే రుచి చూసి వేయండి. మాగిన పండైతే ఒక చెంచా కూడా పట్టదు. నా అలవాటు మాత్రం బెల్లం. సపోటాకూ బెల్లానికీ ఒకే ఇంటి పోలిక, వాసనలో కూడా. మరిగే పాలలో బెల్లం వేస్తే విరిగే భయం ఉంది. దాన్ని రెండు చెంచాల నీళ్లలో కరిగించి, వడకట్టి, చల్లార్చి ఆఖరున కలిపితే ఆ భయం లేదు. యాలకుల పొడి వేయమని చాలామంది చెబుతారు. నేను వేయను. సపోటాకు దాని వాసన దానికుంది, యాలకులు వేస్తే పాయసం తాగినట్టుంటుంది. చిటికెలో సగం ఉప్పు వేసి చూడండి, తీపి నిండుగా తెలుస్తుంది.

చెంచా నిలబడాలంటే మీ మామయ్యగారి గ్లాసుకు పాలు ఇంకా తగ్గించండి. 250 గ్రాముల ముక్కలకు 150 మిల్లీలీటర్లు. స్టీలు గ్లాసును అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టి అందులో పోయండి.


తోట మనిషి (ఉలవపాడు):

అక్కా, మా తోట కూడా అక్కడే. కావలి పెద్దాయన అనుమానం సరైనదే. మీ వగరుకు కారణం మీ ఫ్రిజ్.

సపోటా కాయను చెట్టు మీద పండేదాకా ఉంచము. ముదిరాక కోస్తాము, కోశాక మాగుతుంది. మాగకముందే ఫ్రిజ్‌లో పెడితే చలికి దెబ్బతిని ఆ మాగడం సరిగ్గా సాగదు. పైకి మెత్తబడినట్టు ఉంటుంది, లోపల వగరు, జిగురు అలాగే ఉండిపోతాయి. మీరు చక్కెర ఎంత పోసినా అది పోదు.

మిగిలిన పాతిక పండ్లు ఇప్పుడే బయటికి తీయండి. తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా దిగితే అవి వేరు, గట్టిగా ఉన్నవి వేరు. గట్టివాటిని కడిగి, తుడిచి, తడి లేకుండా ఒక అట్టపెట్టెలో వరిగడ్డి గానీ పాత కాగితాలు గానీ పరిచి పెట్టండి. మధ్యలో రెండు మాగిన అరటిపండ్లు ఉంచండి. అరటిపండు వదిలే ఎథిలీన్ వాయువుకు సపోటా త్వరగా మాగుతుంది. మూడు నాలుగు రోజులు చూడండి. చలి బాగా తగిలినవి మాత్రం మాగవు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. బాగా మాగిన తరువాత ఫ్రిజ్‌లో పెడితే ఏమీ కాదు.

ఈసారి తోట నుంచి తెప్పించేటప్పుడు కోసేవాళ్లకు ఒక మాట చెప్పండి. ముదిరిన కాయ మీద ఆ గోధుమరంగు పొట్టు చేత్తో రుద్దితే రాలిపోతుంది. గోటితో చిన్నగా గీకితే కింద పచ్చరంగు కనబడకూడదు, పాలు కారకూడదు. పచ్చగా ఉండి పాలు కారితే అది ఇంకా లేత. ఎవరో తొందరలో లేతవీ ముదిరినవీ కలిపి కోసి మీకు పంపారని నాకనిపిస్తోంది.

ఆ పాలే చేతికీ పెదవికీ జిగురై అంటుకునేది. సపోటా మన దగ్గర పుట్టిన చెట్టు కాదు, మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలది. అక్కడ చెట్టు మానుకు గాట్లు పెట్టి, కారిన పాలను కాచి చికిల్ అనే బంక తీసేవారు. తొలినాళ్ల చూయింగ్ గమ్ ఆ బంకతోనే తయారైంది. ఇంక లేత కాయ పంటికి అంటుకోక ఏమి చేస్తుంది!

రకం కూడా చూసుకోండి. మీ తోటలో గుత్తులుగా, చిన్నగా, కోడిగుడ్డు ఆకారంలో కాసేవి ఉంటే అవి పాల సపోటా. తొక్క పలచన, కండ మెత్తన, తీపి ఎక్కువ. పాలలో కలపడానికి దాన్ని మించింది లేదు. గుండ్రంగా బంతిలాగా పెద్దగా ఉండే క్రికెట్ బాల్ రకం చూడటానికి బాగుంటుంది గానీ కండ రవ్వరవ్వగా ఉంటుంది, తీపి కూడా ఒక మోస్తరే. అదే ఉంటే ముద్ద చేశాక ఒకసారి జల్లెడలో వత్తి తీసుకోండి. కాలిపట్టి దొరికితే అది కూడా మంచిదే.

తోట ఉన్నవాళ్లకు అవసరం లేదు గానీ, బజారులో కొనేవాళ్ల కోసం రాస్తున్నాను. క్యాల్షియం కార్బైడ్ వేసి పండ్లు మాగేయడం మన దేశంలో నిషేధం. పైన రంగు ఒకేలా ఉండి, నొక్కితే మెత్తగా తగిలి, వాసన మాత్రం ఏమీ లేని పండు కనబడితే కొనకండి. సపోటాకైనా మామిడికైనా ముక్కే మంచి తరాజు.


ఒంగోలు నర్సు:

నేను ఒంగోలులో దంత వైద్యశాలలో పనిచేస్తున్నాను. అమ్మా, ఒక్క విషయం దయచేసి గట్టిగా పట్టుకోండి. మామయ్యగారికి స్ట్రా ఇవ్వవద్దు. దంతం తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలాగా ఉంటుంది, గాయం మానేది దాని కిందే. స్ట్రాతో పీల్చితే ఆ పీల్పుకు గడ్డ ఊడివచ్చే అవకాశం ఉంది. ఊడితే ఎముక బయటపడి భరించలేని నొప్పి వస్తుంది. చెంచాతోనే తినిపించండి. ఆయన చెంచా నిలబడేంత చిక్కగా అడగడం ఆ విధంగా మంచిదే అయింది.

మరీ గడ్డకట్టిన చల్లదనంలో ఇవ్వకండి, పక్క దంతాలు జివ్వుమంటే ఆయన మళ్లీ తాగనంటారు. ఐదు నిమిషాలు బయట ఉంచి ఇవ్వండి. తాగాక మంచినీళ్లు నోట్లో మెల్లగా తిప్పి వదిలేయమనండి, గట్టిగా పుక్కిలించి ఉమ్మకూడదు. పాలు, పండు చక్కెర గాయం దగ్గర నిలవ ఉండకూడదు కదా.

ఆయనకు చక్కెర వ్యాధి ఉందా? మీరు రాయలేదు. సపోటా చాలా తీపి పండు. ఉంటే మాత్రం రోజుకు ఎంత ఇవ్వవచ్చో ఆయన డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. బెల్లమైతే పరవాలేదని అనుకోవద్దు, ఆ విషయంలో బెల్లమూ చక్కెరా ఒకటే.


కందుకూరు వంటిల్లు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కావలి అంగడి గారూ, మీరు చెప్పినట్టు పండు గడ్డకట్టించే పద్ధతి ఖర్బూజాకు పనికొస్తుందా? ఎండలకు మా పిల్లలు ఖర్బూజా పాలు అడుగుతున్నారు. చేసిన వెంటనే అమృతంలాగా ఉంటుంది. సాయంత్రానికని ఫ్రిజ్‌లో పెడితే చేదెక్కిపోతోంది. పాలు చెడిపోయాయేమోనని రెండుసార్లు పాలవాడిని అడిగాను. ఆయన పాపం ప్రమాణం చేసి చెబుతున్నాడు.


కావలి అంగడి:

పాలవాడిది తప్పేమీ లేదమ్మా. ఖర్బూజాలోనే ఒక ఎంజైము ఉంది, అది పాలలోని మాంసకృత్తులను మెల్లగా ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలకు చేదు రుచి. చేసిన వెంటనే తాగితే తెలియదు, గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. పచ్చి బొప్పాయి, అనాస పండు కూడా ఆ కోవలోవే. అనాస అయితే ఇంకా త్వరగా చేదెక్కిస్తుంది, పులుపుకు పాలు విరుగుతాయి కూడా. నా అంగట్లో ఖర్బూజా పాలు ముందుగా చేసి పెట్టడం నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. మనిషి వచ్చి నిలబడ్డాకే జార్ కడిగేవాడిని.

గడ్డకట్టించి పెట్టుకోవచ్చు, దానికేమీ ఇబ్బంది లేదు. ముక్కలు విడిగా, పాలు విడిగా ఉండాలి, కలపడం తాగే ముందే జరగాలి. చలి ఆ ఎంజైమును నెమ్మదింపజేస్తుందే తప్ప చంపదు. ఖర్బూజాలో నీరు ఎక్కువ కాబట్టి సపోటా అంత చిక్కదనం రాదు. మాగిన అరటిపండు ముక్కలు నాలుగు గడ్డకట్టించి దానికి తోడు వేయండి, అరటి కండ మిగతా పండ్లను పట్టి ఉంచుతుంది. అరటి ముక్కలు నల్లబడకుండా నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. గూడూరు, పొదలకూరు లాంటి నిమ్మకాయల ఊళ్లున్న మన వైపు ఆ నాలుగు చుక్కలకు కరువు లేదు. నాలుగు చుక్కలే సుమా, కాయంతా పిండితే పాలు విరుగుతాయి.

మామిడి గురించి కూడా అడుగుతారేమోనని ముందే రాసేస్తున్నాను. బంగినపల్లికి పీచు ఉండదు, నేరుగా గడ్డకట్టించవచ్చు. రసాలైతే పీచు మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటుంది, చేత్తో పిండి, వడకట్టి, ఆ గుజ్జును ఐసు పెట్టెలో పోసి గడ్డకట్టించండి. పులుపు ఉన్న కాయను మాత్రం పాల దగ్గరికే రానివ్వకండి.

ఉలవపాడు తమ్ముడు ఫ్రిజ్ సంగతి చెప్పినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. బస్తా రాగానే అంగట్లో నేలమీద గడ్డి పరిచేవాళ్లం, దాని వెనక కారణం ఇంత వివరంగా నాకు తెలియదు.


ఉలవపాడు కోడలు (నెల్లూరు):

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఐదు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, పండ్లు మాగాలి కదా.

పాతికలో తొమ్మిది అప్పటికే మెత్తగా ఉన్నాయి. పదకొండు గడ్డిలో నాలుగు రోజులకు మాగాయి. ఐదు మాత్రం అలాగే రబ్బరులాగా ఉండిపోయాయి, అవి పారేశాను. అరటిపండ్ల చిట్కా బాగా పనిచేసింది. నిన్న పొద్దున అట్టపెట్టె తెరవగానే వంటింటి నిండా వాసన వచ్చింది, మామయ్యగారు ముందుగదిలో నుంచే "మాగాయా?" అని అడిగారు.

ముక్కలు మీరు చెప్పినట్టే పళ్లెంలో పరిచి గడ్డకట్టించాను. తొడిమ కింద ఈనె తీస్తుంటే కత్తికి జిగురు అంటుకుంది, ఇన్నేళ్లూ దాన్ని తినేశామా అనుకున్నాను. గింజలు మా బాబు లెక్క పెట్టాడు, ఆరు పండ్లకు పద్దెనిమిది. గేదె పాలు దొరికాయి. మిక్సీ ఈల వినిపించినప్పుడు గుర్తుపట్టాను. ఆపి, గీకి, మళ్లీ తిప్పితే నిజంగానే చప్పుడు మారింది. ఆ మడతలు పడటం చూసి నాకు కళ్లు చెమర్చాయి, చెబితే ఎవరైనా నవ్వుతారేమో గానీ. మూడు రోజులు ఆయన తినకుండా పక్కన పెట్టిన గ్లాసులే నా కళ్ల ముందు తిరిగాయి.

చక్కెర వేయలేదు, బెల్లమూ వేయలేదు, ఉప్పు మాత్రం కొంచెం. నర్సు గారూ, మామయ్యగారికి చక్కెర వ్యాధి లేదు, పోయిన నెలలోనే పరీక్ష చేయించాము. అయినా గాయం చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరును అడిగాను, రోజుకు ఒక గ్లాసు ఇవ్వవచ్చన్నారు. స్ట్రా ఇంట్లో నుంచే తీసేశాను.

స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. ఆయన ముందు చెంచా మధ్యలో గుచ్చి చెయ్యి తీసి చూశారు. నిలబడింది. కొంచెం పక్కకు ఒరిగింది గానీ పడలేదు. తరువాత చెంచా చెంచాగా గ్లాసు మొత్తం తిన్నారు. తిని "కావలిలో దీంట్లో జీడిపప్పు ముక్కలు కూడా వేసేవాడు" అన్నారు. గాయం మానాక వేస్తానని చెప్పాను.

కావలి అంగడి గారూ, ఆయన మిమ్మల్ని ఒక మాట అడగమన్నారు. ఆ రోజుల్లో అంగడివాడు గ్లాసు ఇచ్చే ముందు పైన ఏదో గోధుమరంగు పొడి చల్లేవాడట, అది ఏమిటో మీకు తెలుసా?


కావలి అంగడి:

పారేసిన ఐదింటికి బాధపడకండమ్మా, పాతికలో ఇరవై దక్కాయి. ఆయన పూర్తిగా తిన్నారని చదివి మా ఇంటావిడకు కూడా చదివి వినిపించాను.

ఆ పొడి ఏమిటో నేను చూడలేదు గానీ, కావలిలో పాతవాళ్లు కొందరు ఎండు ఖర్జూరాన్ని దోరగా వేయించి, దంచి పొడి చేసి చల్లేవారు. అదే అయి ఉంటుందని అనుకుంటున్నాను. గింజ తీసిన ఎండు ఖర్జూరాలు నాలుగు తీసుకుని, నూనె లేకుండా సన్న సెగ మీద రంగు కొంచెం మారేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక దంచండి. వేడి మీద దంచితే ముద్దవుతుంది. రవ్వగా ఉంటుంది కాబట్టి గాయం మానేదాకా ఆగి, ఆ తరువాత ఒక చిటికెడు చల్లి ఇవ్వండి. ఆయన అవునన్నారో కాదన్నారో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.